జూబ్లీహిల్స్ స్పోర్ట్స్ కార్లు: బ్రాండు, హోదా

హైదరాబాద్‌లోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో కారు బ్రాండు సినిమా తారల హోదాకు గుర్తుగా మారడం గత పాతికేళ్ల పరిణామమే. ఈ నగరంలో ఖరీదైన కారు మోజు మాత్రం అంతకంటే చాలా పాతది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆయన 1911లో మరణించాక గానీ నగరానికి చేరలేదు. ఇప్పుడది చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. సింహాసనంలాంటి సీటుతో ఊరేగింపుల కోసం చేయించిన ఆ బండికి వేగంతో పనే లేదు.

1970లలో అన్నపూర్ణ స్టూడియోస్ వెలిసి, పరిశ్రమ మద్రాసు నుంచి ఇటు తరలుతున్న రోజుల్లో అగ్రహీరోలైనా అంబాసిడర్, ఫియట్‌ల మధ్యే తిరగాల్సి వచ్చేది. దిగుమతి ఆంక్షలు అలాంటివి. 2001లో పరిమాణ ఆంక్షలు ఎత్తేశాక దారి తెరుచుకున్నా, విదేశంలో తయారై వచ్చే కారుపై సుంకం దాని ధరతో పోటీపడేది. ఆ మరుసటి ఏడాది సచిన్ టెండూల్కర్‌కు బహుమతిగా వచ్చిన ఫెరారీ, దాని సుంకం మినహాయింపుపై రేగిన రగడ కలిసి ఆ పేరును ఇంటింటికీ చేర్చాయి. ఫెరారీ అధికారికంగా భారత్‌లో అడుగుపెట్టింది 2011లో. పేరు ముందొచ్చింది, కార్లు తర్వాతొచ్చాయి.

జూబ్లీహిల్స్ వరకు అసలు మలుపు 2021. ఆ మార్చిలో ప్రభాస్ సుమారు 6 కోట్ల రూపాయల లంబోర్గిని అవెంటడోర్ ఎస్ రోడ్‌స్టర్ కొన్నారు. 6.5 లీటర్ల వి12 ఇంజిన్, 740 హార్స్‌పవర్, నేలకు ఆనుకున్నట్టుండే శరీరం. స్పీడ్‌బ్రేకర్లు, కొండ మలుపులు నిండిన ఈ కాలనీలో దాన్ని నడపడం ఓర్పుకు పరీక్షే. ఆగస్టులో జూనియర్ ఎన్టీఆర్ తీసుకున్న ఉరుస్‌కూ అదే లంబోర్గిని ఎద్దు లోగో. కానీ అది ఎస్‌యూవీ. సస్పెన్షన్ ఎత్తు పెంచుకోవచ్చు, కుటుంబమంతా ఎక్కొచ్చు. దాని ప్లాట్‌ఫాం ఆడి క్యూ7, పోర్షే కయెన్‌లదే. లంబోర్గిని 1998 నుంచి ఆడి చేతిలో ఉండటమే అందుకు కారణం. శుద్ధ స్పోర్ట్స్ కారు అభిమానులు పెదవి విరిచినా, మన రోడ్లకు సరిపడే రాజీ ఇదే.

ఆ సెప్టెంబరులోనే ఎన్టీఆర్ టీఎస్ 09 ఎఫ్‌ఎస్ 9999 నంబరు కోసం ఖైరతాబాద్ ఆర్టీఏ వేలంలో 17 లక్షలు చెల్లించారు. ఇక్కడి ప్రతిష్ఠలో ఫ్యాన్సీ నంబరు వాటా తక్కువేమీ కాదు. డబ్బుంటే ఎద్దు లోగో ఎందరికైనా దొరుకుతుంది. ఒక సిరీస్‌లో 9999 దక్కేది ఒక్కరికే.

లోగో బరువు తెలియాలంటే నిస్సాన్ జీటీ-ఆర్‌ను చూడాలి. 2016 డిసెంబరులో 1.99 కోట్లకు విడుదలైన ఈ కారుకు 570 హార్స్‌పవర్ ఉన్నా, మైక్రా, సన్నీలు అమ్మే కంపెనీ పేరు అడ్డొచ్చింది. సిగ్నల్ దగ్గర దాన్ని గుర్తుపట్టేవారు కార్ల పిచ్చి ఉన్నవాళ్లే.

నాగచైతన్య ఎంపిక ఆ కొద్దిమందికే అర్థమయ్యే రకం. 2024లో చెన్నై పోర్షే సెంటర్ నుంచి ఆయన తీసుకున్న 911 జీటీ3 ఆర్‌ఎస్ టర్బో లేని 4 లీటర్ల ఇంజిన్‌తో, వెనక పెద్ద రెక్కతో దాదాపు రేస్‌ట్రాక్ కోసమే పుట్టింది. ధరలో అవెంటడోర్ కంటే బాగా తక్కువ. రేసింగ్ జట్టు హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్‌ను అంతకుముందే కొన్న మనిషికి అది వింత ఎంపికేమీ కాదు.