కంటికి చోటివ్వని తుపాకి

కౌబాయ్ సినిమాల్లో చూసే ఉంటారు. హీరో ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఉక్కు కడ్డీని కిందికి తోసి పైకి లాగుతాడు. ఖాళీ తూటా ఎగిరి పడుతుంది, కొత్తది లోపలికొస్తుంది. ఆ కడ్డీయే లీవర్. ఈ జాతి తుపాకుల్లో వేటగాళ్ళకి బాగా దగ్గరైంది జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1894 మోడల్. 70 లక్షలకు పైగా తయారయ్యాయి. అమెరికాలో ఎన్నో ఇళ్ళల్లో అది తాత నుంచి మనవడికి వచ్చే ఆస్తి.

ఆ మనవడికీ ఓ రోజు నలభై అయిదు దాటుతాయి. అప్పుడు మొదలవుతుంది గొడవ. పాత తుపాకితో గురి చూడాలంటే వెనక గాడి, ముందు మొన, దూరంగా ఉన్న జింక, మూడూ ఒక వరసలోకి రావాలి. కన్ను ఒక్కసారికి ఒక్క దూరాన్నే స్పష్టంగా చూడగలదు. వయసొచ్చేసరికి గాడి మసకబారుతుంది. స్కోప్ అయితే గురినీ జంతువునీ ఒకే తలం మీద చూపిస్తుంది. మరి బిగించేస్తే పోలా?

పోదు. ఈ తుపాకి ఖాళీ తూటాని నిట్టనిలువుగా పైకి విసురుతుంది. స్కోప్ ఉండాల్సిన చోటు సరిగ్గా అదే. పిడి వాలు కూడా ఇనుప మొనలకి తగ్గట్టు కిందికి ఉంటుంది. కన్ను పైకి లేపితే దవడకి ఆనిక ఉండదు. ఇక అడవిలో ఒంటి చేత్తో మోసేటప్పుడు బరువు సరితూగే చోట, సన్నగా పిడికిట్లో ఇమిడే ఆ ఉక్కు నడుం మీదే స్కోప్ వచ్చి కూర్చుంటుంది. అంటే ఈ తుపాకిలో మనకి నచ్చినవన్నీ స్కోప్‌కి అడ్డాలే.

ఇది బ్రౌనింగ్ తప్పు కాదు. అప్పట్లో మామూలు వేటగాడి చేతిలో స్కోప్ ఎక్కడిది? అది అందుబాటు ధరలోకి రావడం 1930లలో, ఎల్ పాసోలో వీవర్ తయారుచేసినవి వచ్చాక. తమాషా ఏంటంటే, పోటీదారు మార్లిన్ తన 1889 మోడల్‌లోనే తూటాని పక్కకి పంపింది, పైభాగం మూసేసింది. స్కోప్‌ల కాలం వచ్చాక ఆ పద్ధతి అయాచితంగా కలిసొచ్చింది.

వించెస్టర్ వాళ్ళు చాలా ఉపాయాలు పడ్డారు. కొందరు స్కోప్‌ని ఎడమ పక్కకి జరిపి బిగించారు, అప్పుడు తల వంచి చూడాలి. కొందరు గొట్టం మీద బాగా ముందుకి పెట్టారు. జెఫ్ కూపర్ 1980లలో ప్రచారం చేసిన ‘స్కౌట్’ రైఫిల్‌లో స్కోప్ ఉండేది అలాగే. చివరికి కంపెనీయే దిగొచ్చి, 1980ల మొదట్లో తూటా ఏటవాలుగా పోయేలా మార్చింది. పుట్టిన దాదాపు తొంభై ఏళ్ళకి.

పాత తుపాకులకి మాత్రం డ్రిల్లు పెట్టక తప్పదు. ఇక్కడే 1964 అడ్డొస్తుంది. ఆ ఏడాది కంపెనీ ఖర్చు తగ్గించుకోడానికి తయారీ పద్ధతి మార్చేసింది. అంతకుముందువంటే సేకర్తలకి ప్రాణం. వాటికి కొత్తగా ఒక్క రంధ్రం పడినా విలువ పడిపోతుంది. పూడ్చినా మచ్చ పోదు.

అలాగని మసక కళ్ళతోనే కాల్చాలా? గురి తప్పితే పోయేది తూటా ఒక్కటే కాదు. కడుపులో దెబ్బ తిన్న జింక ఏ పొదల్లోనో గంటల తరబడి చస్తుంది. తాత జ్ఞాపకం కోసం దాన్ని బలిపెట్టే హక్కు మనవడికి లేదనే నా అభిప్రాయం.

ఒక పాత దారి ఉంది. రెండో ప్రపంచయుద్ధానికి ముందు తయారైన చాలా 94లకి పిడి మెడ దగ్గర ఫ్యాక్టరీలోనే రంధ్రం ఉండేది, చిన్న చిల్లున్న మడత గురి బిగించుకోడానికి. ఆ చిల్లులోంచి చూస్తే వెనక గాడి బెడద పోతుంది, ముందు మొన తేటపడుతుంది. స్కోప్ అంత కాదు, దగ్గరి వేటకి చాలు. అదీ చాలకపోతే వేటకి వేరే తుపాకి కొనుక్కుని, తాతది గోడకి తగిలించడమే.