ఎన్ని పురుగులుంటే మందు కొట్టాలి?

కూరగాయల చేలో మందు కొట్టే రోజును చాలాకాలం క్యాలెండరే నిర్ణయించింది. డీడీటీ పురుగుల్ని చంపుతుందని 1939లో పాల్ ముల్లర్ కనిపెట్టాక, వారం తప్పకుండా పిచికారీ చేస్తే చాలనే ధీమా పెరిగింది. ఆ ధీమా ఎన్నాళ్లో నిలవలేదు. 1953 నాటికే జావాలోని లెంబాంగ్‌లో క్యాబేజీని తినే డైమండ్ బ్యాక్ రెక్కల పురుగు డీడీటీకి లొంగడం మానేసింది.

పురుగుల్ని లెక్కపెట్టి మందు వాడడం అంతకుముందు లేకపోలేదు. 1920ల్లోనే అమెరికాలోని అర్కాన్సాలో డ్వైట్ ఐస్లీ పత్తి చేలల్లో ఆ పని చేయించారు. అయితే ఎన్ని ఉంటే ‘ఎక్కువ’? దీనికి తేటగా జవాబు చెప్పింది 1959లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు స్టెర్న్, స్మిత్, వాన్ డెన్ బాష్, హేగన్. పంట నష్టం మందు ఖర్చుకు సరితూగే స్థాయి ఒకటి, అక్కడిదాకా పోనివ్వకుండా ముందే మేలుకోవాల్సిన స్థాయి మరొకటి అని వాళ్లు విడదీశారు. మన వ్యవసాయాధికారులు చెప్పే ఆర్థిక నష్ట పరిమితికి మూలం అదే.

ఇక ఎన్ని మొక్కలు చూడాలన్నది తేలాలి. పురుగులు చేనంతా సమానంగా ఉండవు, ఒకచోట గుంపు కడతాయి. 1961లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌కు చెందిన ఎల్.ఆర్. టేలర్ ఈ గుంపు తీరును ఒక సూత్రంలో పెట్టారు. రైతు శ్రమ తగ్గించే ఉపాయం మాత్రం యుద్ధం నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక సామగ్రిని తనిఖీ చేయడానికి కొలంబియా విశ్వవిద్యాలయంలో అబ్రహాం వాల్డ్ ఒక పద్ధతి రూపొందించారు: నమూనాల సంఖ్యను ముందే ఖాయం చేసుకోకుండా, ఒక్కొక్కటే చూస్తూ మొత్తం కలుపుకుంటూ పోవాలి, విషయం తేలగానే ఆపేయాలి. పురుగు బాగా తక్కువున్నా, బాగా ఎక్కువున్నా పది మొక్కలకే సంగతి తెలిసిపోవచ్చు. మధ్యస్థంగా ఉంటేనే ఇంకా తిరగాలి. 1950ల్లో కెనడా అడవి పురుగుల మీద, తర్వాత పొలం పంటల మీద దీన్ని వాడారు. వాల్డ్ మాత్రం 1950లో భారత పర్యటనలో ఉండగా నీలగిరుల్లో విమానం కూలి మరణించారు. నా లెక్కలో కూరగాయల రైతుకు టేలర్ సూత్రం కన్నా వాల్డ్ పద్ధతే ఎక్కువ అక్కరకొచ్చింది.

2021లో గుంటూరు మిర్చి మీద పడ్డ నల్ల తామర పురుగు ఇంకో మెలిక పెట్టింది. పాత తామర పురుగు కోసం లేత ఆకుల్ని చూసేవాళ్లం; ఇది ఎక్కువగా పూలలో దాక్కుంటుంది. ఆకుల లెక్క ఎంత జాగ్రత్తగా వేసినా దీని ఉధృతి అందులో కనబడదు. పువ్వును తెల్ల కాగితం మీద దులిపితే సన్నటి నల్ల గీతల్లా పాకుతూ బయటపడతాయి. మిర్చి పూతకొచ్చాక స్ప్రేయర్ భుజానికెత్తే ముందు, గట్టు పక్క మొక్కలతో సరిపెట్టక చేను లోపలికి వెళ్లి పూలు దులిపి చూడండి.