యానాది చూపు, యానాది నడక

వరికోతలు అయ్యాక నెల్లూరు పొలాల్లోకి యానాది తెగవాళ్లు దిగేవారు. గట్టు పొడవునా ఉన్న కన్నాలన్నీ రైతుకు ఒక్కలాగే కనిపించేవి. యానాదికి మాత్రం వాటిలో ఎలుక ఉన్నదేదో, అది వదిలేసి పోయిందేదో తెలిసిపోయేది. కొత్తగా తోడిన మట్టి, తడి ఆరని పెంటికలు, కన్నం ముందు రాలిన వడ్లు, ఇవే ఆనవాళ్లు. పక్క కన్నాలు మూసేసి, ఒకదాని మూతికి పొగకుండ ఆనించి ఊదితే ఎలుక చిక్కేది. తవ్వితే అది దాచుకున్న వడ్లూ దక్కేవి.

సముద్రానికీ పులికాట్ సరస్సుకూ నడుమ ఉన్న శ్రీహరికోట అడవి వాళ్లకు మరో బతుకుతెరువు. తేనె, కుంకుళ్లు, మందుమొక్కలతో పాటు చిరివేరు కూడా ఇసుక నేలల్లో దొరికేది. నేలబారు మొక్కను ఆనవాలు పట్టి, సన్నటి వేరును తెగకుండా లాగాలి. కోరమాండల్ తీరపు బట్టలకు ఎరుపునిచ్చింది ఆ వేరే. ఆ బట్టల కోసమే డచ్చివారు పులికాట్‌లో కోట కట్టారు, 1626లో ఇంగ్లీషు కంపెనీ దుగరాజపట్నంలో దిగింది. ఐరోపా ఇళ్లకు చేరిన ఎర్రపూల గుడ్డల వెనక ఇలా నేల చూస్తూ నడిచినవాళ్లున్నారు.

మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన ఏడు సంపుటాల్లో యానాదుల గురించి వివరంగా రాశాడు. అడవిజాతులకు పుట్టుకతోనే డేగచూపు ఉంటుందని ఆ రోజుల్లో ఐరోపా యాత్రికులు తరచూ రాసేవారు. దాన్ని కొలిచి చూసినవాడు కేంబ్రిడ్జికి చెందిన డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్. 1898లో టోరెస్ జలసంధి దీవుల్లో కంటిపరీక్షలు చేస్తే అక్కడివాళ్ల చూపు కాస్త మెరుగే తప్ప అద్భుతమేమీ కాదని తేలింది. దూరాన ఉన్న పడవనో కొమ్మల్లో దాగిన పిట్టనో వాళ్లు ముందే పట్టేయడానికి కారణం ఆ పరిసరాల్లో తిరిగి తిరిగి ఏం చూడాలో తెలిసి ఉండటమే అన్నాడతను. ఆ తర్వాత నీలగిరికి వచ్చి తోడా తెగవాళ్లనూ పరీక్షించాడు. యానాదుల మీద అలాంటి కొలతలు లేకపోయినా, ఆ వాదన శ్రీహరికోటకూ సరిపోతుంది.

మరి తిరగడానికీ చూడటానికీ లంకె ఎక్కడుంది?

1963లో అమెరికాలో రిచర్డ్ హెల్డ్, అలాన్ హైన్ అనే శాస్త్రవేత్తలు చీకట్లో పెరిగిన పిల్లికూనలను జతలుగా తీసుకున్నారు. గుండ్రంగా తిరిగే ఒక పరికరానికి అటొకటి, ఇటొకటి కట్టారు. ఒకటి తన కాళ్లతో నడిచేది, రెండోది తొట్టెలో కూర్చుని దాని వెంట తిరిగేది. రెండింటి కళ్లకూ అందింది దాదాపు ఒకే దృశ్యం. అయినా నడిచిన కూన లోతును గుర్తించింది, తొట్టెలోది గుర్తించలేకపోయింది. వెలుతురులో రెండు రోజులు స్వేచ్ఛగా తిరగనిచ్చాక అదీ మామూలైంది. దాని కళ్లలో లోపమేమీ లేదు, దానికి కరువైంది సొంత నడక.

అంతకు ముందే, 1950లో, జర్మనీలో ఫాన్ హోల్స్ట్, మిట్టెల్‌ష్టేట్, అమెరికాలో రోజర్ స్పెర్రీ విడివిడిగా మరో సంగతి పట్టుకున్నారు. కండరానికి ఆజ్ఞ పంపేటప్పుడే మెదడు దాని నకలును చూపును నడిపే భాగాలకూ పంపుతుంది. అందుకే కళ్లు తిప్పినా లోకం తిరగదు. వేలితో కనురెప్ప మీద మెల్లగా నొక్కితే మాత్రం ఎదుటి దృశ్యం కదిలినట్టుంటుంది, ఆ కదలిక కంటి కండరాలకు పంపిన ఆజ్ఞ వల్ల వచ్చింది కాదు కనుక. 2010లో క్రిస్టఫర్ నీల్, మైకేల్ స్ట్రైకర్ ఎలుకల మెదళ్లలో ఇంకో విషయం చూశారు. ఎలుక నిలబడి ఉన్నప్పటికన్నా పరుగెత్తేటప్పుడు దాని మెదడులో చూపు పని చూసే దృశ్య వల్కలంలోని కణాలు బొమ్మలకు రెట్టింపుకు పైగా స్పందించాయి.

యానాది పిల్లలు ఈ విద్య నేర్చింది పెద్దల వెంట నడిచే. కన్నం చూపించి చెప్పడంతో పని అయిపోదు. ఊహించినచోట తవ్వాలి, ఎలుక లేకపోతే మళ్లీ మట్టిని చూడాలి. ప్రతి తవ్వుతోనూ కంటి అంచనాకు చేయి జవాబు చెప్పేది.

అందుకే పని మారినప్పుడల్లా చూపూ మారింది. 1869 తర్వాత జర్మనీ నుంచి కృత్రిమ అలిజరిన్ రంగు బజారుకు రావడంతో చిరివేరుకు గిరాకీ పడిపోయింది. వలస ప్రభుత్వం యానాదుల్లో కొందరిని నేరస్థ జాతుల చట్టం కింద చేర్చి కదలికలకే కళ్లెం వేసింది. ఆ చట్టంపై పోరాడినవారిలో నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య ముఖ్యులు. 1952లో అది దేశమంతటా రద్దయింది. 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. అడవిలో ఇష్టమొచ్చినట్టు తిరిగే వీలు అప్పటినుంచి తగ్గిపోయింది.

ఇప్పుడు తీరంలో చాలా యానాది కుటుంబాలు చేపలు, రొయ్యలు, మండపీతలు పట్టి, కూలికి వెళ్లి బతుకుతున్నాయి. మండపీత బురదలో బొరియ చేసుకుంటుంది. బొరియ మూతి దగ్గర మట్టి తీరు, కాళ్ల జాడ చూసి, ఇనుప కొక్కెం లోపలికి పోనిచ్చి లాగుతారు.