స్మృతి నెలవును తెలిపిన రోగి

చరకాదులైన మన ప్రాచీన వైద్యులు మూర్ఛరోగమునకు అపస్మారమని పేరిడిరి. స్మృతి తొలగిపోవుట అని దాని భావము. పేరులోనే జ్ఞాపకమును తలపించు ఈ వ్యాధియే, ఇరువదవ శతాబ్దిలో, మెదడునందు జ్ఞాపకమునకు నెలవెచ్చటనో లోకమునకు తెలుపుటకు కారణమయ్యెను. ఆ వృత్తాంతమును నేడు మనవి చేసెదను.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున 1926లో హెన్రీ మొలేసన్ జన్మించెను. బాల్యముననే ప్రారంభమైన మూర్ఛలు, యౌవనము నాటికి ఉద్యోగము సాగనీయనంతగా హెచ్చెను. మందులు ఫలింపలేదు. 1953లో, హార్ట్‌ఫర్డ్ నగరమున, విలియం స్కోవిల్ అను శస్త్రవైద్యుడు కణతల లోపలి మెదడు భాగమును ఇరుప్రక్కలను తొలగించెను. సముద్రపు గుఱ్ఱమును బోలియుండుటచే హిప్పోకాంపస్ అని పేరొందిన భాగములో చాలవఱకు దానితో పోయెను.

మూర్ఛలు మిక్కిలి తగ్గెను. కాని నాటినుండి హెన్రీ మనసున క్రొత్త సంగతి నిలువదయ్యెను. బుద్ధి మందగింపలేదు, బాల్యపు ముచ్చటలు చెప్పగలడు. అయినను అంతకుముందే తనతో మాటాడిన మనుష్యుడు బయటికి పోయి మరల వచ్చినచో, అతడెవ్వరో యెఱుగడు. 1957లో స్కోవిల్, బ్రెండా మిల్నర్ అను విదుషియు కలసి ప్రకటించిన వ్యాసము, ఇరుప్రక్కల ఆ భాగమును తీయరాదని శస్త్రవైద్యులకు హెచ్చరిక యయ్యెను.

మిల్నర్ అతనికి మఱియొక పరీక్ష పెట్టెను. అద్దములోని ప్రతిబింబమును మాత్రమే చూచుచు, నక్షత్రపు బొమ్మ అంచుల వెంట గీత గీయవలెను. మూడు దినములలో హెన్రీ చేయి చక్కగా కుదిరెను. కాని ప్రతిదినమును ఆ పని తనకు క్రొత్తయనియే అతడు తలచెను. చేతి నేర్పునకును, సంగతుల జ్ఞాపకమునకును మెదడులో దారులు వేఱని యిట్లు తేటపడెను.

2008 డిసెంబరు 2వ తేదీన, 82 ఏండ్ల వయసున, హెన్రీ మరణించెను. అంతవఱకు శాస్త్రగ్రంథములలో అతడు హెచ్. ఎమ్. అను రెండక్షరములు మాత్రమే.

శస్త్రచికిత్స లేకున్నను మూర్ఛరోగులలో పలువురికి మఱపు కలుగుచుండును. మూర్ఛలే యొకప్పుడు, కొన్ని మందులొకప్పుడు దానికి హేతువులు. పాఠము మఱచిన బాలుని మొద్దనుటయు, చెప్పిన పని మఱచిన కోడలిని అశ్రద్ధయని నిందించుటయు నేను చూచియున్నాను. లోపము వారి శ్రద్ధలో లేదు. చేయవలసిన పనిని కాగితముపై వ్రాసి యిండు. ఓర్పుతో మరల చెప్పుడు. మఱపు సంగతి వైద్యునికి తెలుపుడు. మందులు మాత్రము మీయంతట మానరాదు. అట్టివారిని మందలింపబోవునపుడు హెన్రీ మొలేసన్‌ను ఒక్కసారి తలచుకొనుడని నా ప్రార్థన.