ట్రాప్‌లు, ఇంటరప్ట్‌లు

ప్రాసెసర్ చేస్తున్న పనిని మధ్యలో ఆపి, అదుపును ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌కు అప్పగించే ఏర్పాట్లు. సున్నాతో భాగహారం, చెల్లని మెమరీ చిరునామా, సిస్టమ్ కాల్ వంటివి నడుస్తున్న ప్రోగ్రామ్‌లోనే పుడతాయి, ఇవి ట్రాప్‌లు. టైమర్, సెన్సర్ వంటి పరికరాల నుంచి వచ్చేవి ఇంటరప్ట్‌లు.

తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచి ఎగిరే రాకెట్లకు ఇవి అత్యవసరం. 2024 డిసెంబరు 30న అక్కడినుంచి ఎగిరిన పీఎస్ఎల్‌వీ-సీ60లో దేశీయ 32-బిట్ ప్రాసెసర్ విక్రమ్3201ను పరీక్షించారు. 2025 మార్చిలో దానితోపాటు ఇస్రోకు అందిన కల్పన3201 ప్రాసెసర్ స్పార్క్ వీ8 అనే నిర్మాణాన్ని అనుసరిస్తుంది.

ఆ నిర్మాణంలో ట్రాప్ పద్ధతి ఎంతో పొందికైనది. ట్రాప్ రాగానే ప్రాసెసర్ మరో ట్రాప్ రాకుండా తలుపు మూసి, సూపర్‌వైజర్ స్థితికి మారి, కొత్త రిజిస్టర్ విండోలో ఆగిన ఆదేశం, దాని తర్వాతి ఆదేశం చిరునామాలు రెండింటినీ దాస్తుంది. ఆపై 8-బిట్ ట్రాప్ సంఖ్యను బట్టి పట్టికలోని గడికి దూకుతుంది. గడిలో నాలుగు ఆదేశాలకే చోటు. అక్కడినుంచి అసలు హ్యాండ్లర్‌కు వెళ్లాలి. ఇంటరప్ట్‌లకు 15 స్థాయిలున్నాయి. తలుపు మూసి ఉండగా ఇంకో తప్పు జరిగితే ప్రాసెసర్ ఎర్రర్ స్థితిలో నిలిచిపోతుంది. అందుకే హ్యాండ్లర్ తొలి పంక్తులు కెర్నల్‌లో అతి సున్నితమైనవి.

1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ విఫలమైన తొలి ప్రయోగంలో 64-బిట్ సంఖ్యను 16-బిట్ పూర్ణాంకంగా మార్చేటప్పుడు ఎక్సెప్షన్ (ప్రోగ్రామ్‌లోనే పుట్టే ట్రాప్) తలెత్తింది. ఆ మార్పిడికి రక్షణ కోడ్ లేదు. ఎక్సెప్షన్ వస్తే ప్రాసెసర్‌ను ఆపెయ్యాలని ముందే నిర్దేశించారు. ఈ రెండింటిలో ఆపెయ్యాలన్న నిర్దేశమే పెద్ద పొరపాటు.