మిద్దె తోట: ఎండలకు టమాటా పూత రాలిపోతోందా? తప్పు నీళ్లది కాదు.. ఏ కాలంలో ఏం వేయాలంటే..

ఫిబ్రవరి దాకా గుత్తులుగా కాసిన టమాటా మొక్క ఏప్రిల్ రాగానే పూత మొత్తం రాల్చేస్తుంది. మిద్దె తోట పెట్టినవాళ్లు చాలామంది ఇక్కడే కంగారు పడతారు. నీళ్లు చాలలేదేమో అని ఇంకో రెండు బకెట్లు పోస్తారు. అసలు సంగతి వేరు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే టమాటా పుప్పొడి దెబ్బతింటుంది, పిందె కట్టదు. ఏ మందు కొట్టినా పెద్దగా ఫలితం ఉండదు. ఆ కుండీలో వేరే విత్తనం వేసుకోవడమే మేలు.

మరి ఎండల్లో ఏం వేయాలి? గోంగూర, తోటకూర, బచ్చలి, బెండ, గోరుచిక్కుడు. ఇవన్నీ మన ఎండలకు అలవాటుపడ్డవే. తోటకూర అయితే నెల రోజుల్లోపే కోతకొస్తుంది. కొత్తిమీర మాత్రం నీడ ఉంటేనే పెట్టండి, లేదంటే ఆకు సరిగా రాకముందే పూతకెళ్లిపోతుంది.

డాబా మీద ఇబ్బంది ఎండ ఒక్కటే కాదు. కాలిన కాంక్రీటు కుండీ అడుగు నుంచి వేర్లను ఉడికిస్తుంది. నల్ల ప్లాస్టిక్ కుండీలైతే మరీనూ. అందుకే కింద ఇటుకలు పెట్టి కుండీలను ఎత్తులో ఉంచండి. పైన 50 శాతం షేడ్‌నెట్ కట్టి, మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులు పరచండి. నీళ్లు పొద్దున్నే పోయాలి. మధ్యాహ్నం ఆకులు వాలిపోయాయని పరుగెత్తకండి. సాయంత్రానికి అవే లేచి నిలబడితే అది దాహం కాదు. వేలు మట్టిలో గుచ్చి చూడండి, తడి తగిలితే ఆగండి. ట్యాంకర్ కొనుక్కునే వీధుల్లో ఈ ఒక్క అలవాటుతోనే బోలెడు నీళ్లు మిగులుతాయి. ఇంకో మాట, మిట్టమధ్యాహ్నం పైపులో నిల్వ ఉన్న నీళ్లు చెయ్యి కాలేలా ఉంటాయి. అవే నేరుగా మొక్కకు పట్టేవాళ్లూ ఉన్నారు!

రోహిణి కార్తెలో నీడపట్టున వంగ, మిర్చి, టమాటా నారు పోసుకుంటే తొలకరి పడ్డాక నాటుకోవచ్చు. బీర, కాకర, సొర పాదులకూ అదే అదను. వానాకాలంలో కుండీ అడుగు రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోండి, నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. నాటు చిక్కుడు పాదు ఈ కాలంలో తీగ సాగుతుందే తప్ప పూయదు. గొడ్డుపోయిందని పీకేయకండి. పగటి పొద్దు తగ్గాక, చలి మొదలయ్యే వేళకు అదే విరగకాస్తుంది.

అక్టోబర్ నుంచి పెద్దగా ఆలోచించక్కర్లేదు. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, క్యారెట్, పాలకూర, మెంతి ఏదైనా వస్తుంది. చిక్కుడుకు పేనుబంక పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

కుండీలు పెంచేముందు బరువు కూడా చూసుకోండి. ఒక ఘనపు అడుగు తడి మట్టి దాదాపు 45 కిలోలు తూగుతుంది. మట్టిలో కోకోపీట్ కలిపితే కొంత తేలికవుతుంది. పెద్ద కుండీలను స్లాబు మధ్యలో కాకుండా గోడలు, బీముల మీదుగా వచ్చేలా సర్దుకోండి. పాత ఇల్లయితే ముందు ఇంజనీర్‌కి ఒకసారి చూపించండి.