క్షయ సూదులు, పోయిన వినికిడి

క్షయకు గట్టిగా పనిచేసిన తొలి మందు స్ట్రెప్టోమైసిన్. 1943లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో, సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ దాన్ని మట్టిలో పెరిగే సూక్ష్మజీవి నుంచి రాబట్టాడు. రెండేళ్లకే, సూదులు వేయించుకున్నవారిలో కొందరు తూలిపోతున్నారని మేయో క్లినిక్ వైద్యులు గమనించారు. 1948లో వెలువడిన బ్రిటిష్ పరీక్ష లాభనష్టాలు రెంటినీ తేల్చింది. మందు అందిన 55 మందిలో ఆరు నెలల్లో చనిపోయినవారు నలుగురు. మంచం మీద విశ్రాంతితోనే సరిపెట్టిన 52 మందిలో 14 మంది. కానీ ఆ 55 మందిలో 36 మందికి కళ్లు తిరిగాయి. ఈ లెక్క చూశాక మందు మానేద్దామన్న వైద్యుడు ఎవరుంటారు?

లోపలి చెవి వినికిడినే కాక ఒంటి నిలకడనూ చూసుకుంటుంది. రెండు పనులూ కేశకణాలవే. స్ట్రెప్టోమైసిన్ జాతి మందులు వాటిని చంపుతాయి. మనిషిలో అవి మళ్లీ మొలవవు. స్ట్రెప్టోమైసిన్ దెబ్బ ఎక్కువగా నిలకడ మీద పడేది. అలా దెబ్బతిన్న ఒక వైద్యుడు 1952లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో తన అనుభవం రాశాడు. పడుకుని చదువుదామంటే నాడి కొట్టుకున్నప్పుడల్లా అక్షరాలు ఎగిరేవి. మంచం తలవైపు కమ్మీల మధ్య తల ఇరికించుకుని చదివాడు. వీధిలో బోర్డు చదవాలంటే నడక ఆపాల్సిందే. ఇలాంటి ఉపాయాలు వైద్యులు నేర్పినవి కావు, రోగులు తమకు తాము కనిపెట్టుకున్నవి.

తూలుడు తగ్గించాలని తెచ్చిన డైహైడ్రోస్ట్రెప్టోమైసిన్‌తో పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. నిలకడ కొంత దక్కినా చెవుడు పెరిగింది, అదీ కొందరికి సూదులు ఆపేసిన కొన్నాళ్లకు. 1957లో జపాన్‌లో హమావో ఉమెజావా వెలుగులోకి తెచ్చిన కనమైసిన్ కూడా చెవికి చేటే.

ఈ చెవుడు చడీచప్పుడు లేకుండా మొదలవుతుంది. ముందు చెవిలో హోరు, ఆపైన కీచు ధ్వనులు అందకపోవడం. మాట వినబడుతుంది, కానీ స, ష వంటి హల్లులు జారిపోయి అర్థం కాదు. దాంతో ఎదుటివాళ్లే గొణుగుతున్నారని రోగి అనుకుంటాడు. ఆడియోమెట్రీ పరీక్ష దీన్ని ముందే పట్టగలదు, చేయిస్తేనే.

ఇంట్లోనే ఉండి మాత్రలు మింగినా క్షయ నయమవుతుందని 1959లో మద్రాసు అధ్యయనం చూపింది. అయినా తిరగబెట్టిన క్షయకు స్ట్రెప్టోమైసిన్, మందులకు లొంగని క్షయకు నెలల తరబడి కనమైసిన్ మన దేశంలో చాలాకాలం నడిచాయి. వినికిడి పోయినవారికి మిగిలింది చెవి మిషన్, పెదవుల కదలిక చూసి మాట పట్టుకునే అలవాటు. స్తోమత ఉన్న కొద్దిమందికి కాక్లియర్ ఇంప్లాంటు. బెడాక్విలిన్ వంటి మాత్రలు వచ్చాక, 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కనమైసిన్‌ను పక్కనపెట్టింది. అదే జాతికి చెందిన అమికాసిన్‌ను మాత్రం ఉంచింది, వినికిడి పరీక్షిస్తూ వాడాలన్న షరతుతో.

ఈ జాతి మందులతో కొందరికి కొద్ది మోతాదుకే చెవుడు ఎందుకొస్తుందో 1993లో తేలింది. తల్లి వైపు నుంచి సంక్రమించే మైటోకాండ్రియా జన్యుపదార్థంలో ఒక చిన్న మార్పు అందుకు కారణం. మాంచెస్టర్‌లో నవజాత శిశువులకు ఇదే జాతి మందైన జెంటామైసిన్ ఇచ్చే ముందు బుగ్గ లోపల దూది పుల్లతో తుడిచి ఆ మార్పును సుమారు 26 నిమిషాల్లో పసిగట్టే పరీక్ష ఫలితాలు 2022లో వెలువడ్డాయి. మార్పు కనబడిన బిడ్డకు వేరే యాంటీబయాటిక్ ఇస్తారు.